రెండు గాట్ల సంతు

కురుమయ్య ఎలుక చెవి చూసి దాని తాత ఎవరో చెప్పేవాడు. నవ్వులాటకు అనడం లేదు. నాగర్‌కర్నూలు ఊరి చివర, పాత పల్లీల గోదాములో, నాలుగు వందల చిట్టెలుకల మధ్య ఆయన ఆరేళ్ళు పనిచేశాడు. ఆ గోదాము పక్క గదిలో నేను అద్దెకు ఉండేవాణ్ణి. ఊళ్ళోని ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. ఆ ఎలుకలను పెంచుతున్న ప్రభుదాసు అదే కాలేజీలో జువాలజీ లెక్చరర్. ఇక్కడ చెప్పేదానిలో కొంత నేను కళ్ళారా చూసింది. మిగతాది కురుమయ్యే తర్వాతి రోజుల్లో నా ఎదుట కూర్చొని చెప్పాడు.

ఆయనది తెలకపల్లి దగ్గర ఒక చిన్న ఊరు. మూడెకరాల ఎర్ర చెలక ఉండేది. వానపడితే పల్లీ, జొన్న. పడకపోతే ఏమీ లేదు. పది పదిహేను గొర్రెలు కూడా ఉండేవి. మందలో కలిసిపోయినా తమవి గుర్తుపట్టడానికి గొర్రెపిల్లల చెవులకు గాట్లు పెట్టడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. ఏ పొట్టేలు ఏ గొర్రెకు పుట్టిందో, ఏ సంతుకు కుంటితనం వస్తుందో ఆయనకు నోటికి వచ్చు.

డెబ్బై రెండు కరువులో కురుమయ్యకు ఇరవై రెండేళ్ళు. ఆ ఏడు గొర్రెలన్నీ పోయాయి. అన్న భీమయ్య, అక్క సత్యమ్మ, తను, ముగ్గురూ పారలు పట్టుకొని గట్ల వెంట తిరిగి ఎలుక బొక్కలు తవ్వేవాళ్ళు. ఎలుకలు లోపల దాచుకున్న పల్లీకాయలు, జొన్నకంకులు దొరికేవి. ఒకరోజు చేటెడు, ఒకరోజు గుప్పెడు. అదే ఉడకేసుకొని ఇంటిల్లిపాదీ తాగారు. ఊళ్ళో ముసలివాళ్ళు, చంటిపిల్లలు జ్వరాలకు ఆగలేక రాలిపోయారు. వీళ్ళ ఇంట్లో మాత్రం ఒక్క ప్రాణం పోలేదు. "మన ఇంటి నెత్తురు గట్టిది" అని తల్లి చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకునేది.

కరువు పోయాక భీమయ్య మేస్త్రీ గుంపులో చేరి డ్యాముల పనికి పోయాడు. అక్కడ మూడు పూటలా బియ్యమన్నం. రెండేళ్ళకు ఇంటికి వస్తే మనిషిని గుర్తుపట్టడం కష్టమైందట, అంత ఒళ్ళు చేశాడు. ఊరంతా మురిసిపోయింది. ఎనభై ఒకటిలో ఆయన బొటనవేలికి రాయి తగిలింది. చిన్న గాయం. అది మానలేదు. వేలు నల్లబడింది, పాదం నల్లబడింది, వాసన వచ్చింది. ఎవరో చేతబడి చేశారని భూతవైద్యుణ్ణి పిలిచారు. భీమయ్య నలభై నిండకుండానే పోయాడు.

ప్రభుదాసు కురుమయ్యను వెతుక్కుంటూ వచ్చింది ఎనభై ఏడులో. వనపర్తి మనిషి. సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండేవాడు. ఆ రోజు మాత్రం చెప్పులు చేత పట్టుకొని, చంకలో రెండు ఇనుప పంజరాలతో చెలకలోకి దిగాడు.

"బొక్కలు తవ్వేటోడివి నువ్వేనంట గద. చిట్టెలుకలు కావాలె. ప్రాణంతోని."

"తిననీకా సార్?"

"కాదు. పెంచనీకి."

కురుమయ్య ఆయనను ఎగాదిగా చూశాడు. ఎలుకలను చంపడానికి మందులు అమ్మేవాళ్ళు వస్తారు గానీ పెంచడానికి అడిగినవాణ్ణి ఆయన అదే మొదటిసారి చూడటం.

ప్రభుదాసు డాక్టరేటు కోసం ఎంచుకున్న విషయం ఇది: లావెక్కడం, చక్కెర జబ్బు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎట్లా దిగి వస్తాయి? విదేశాల ప్రయోగశాలల్లో పుట్టుకతోనే లావెక్కి, చక్కెర జబ్బు తెచ్చుకునే ఎలుకల జాతులు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటిని తెప్పించుకునే స్తోమతు ఈయనకు లేదు. మెట్ట పొలాల్లో అర్ధాకలితో బతికే చిట్టెలుకలకు రోజూ కడుపు నిండా మేత పెడితే ఏ సంతు ఎట్లా మారుతుందో చూస్తానని హైదరాబాదులోని గైడును ఒప్పించాడు.

కురుమయ్య పట్టి ఇచ్చాడు. పట్టి ఇచ్చినవాడు వాటిని చూసుకోవడానికి కూడా కుదిరాడు. ప్రభుదాసు చెవులకు గుర్తులు పెట్టే చిన్న యంత్రం తెస్తే, దాన్ని పక్కనపెట్టి సన్న కత్తెరతో తన పద్ధతిలోనే గాట్లు పెట్టాడు. తెలకపల్లి వైపు పట్టిన జంట సంతుకు ఎడమ చెవికి ఒక గాటు. మానవపాడు నల్లరేగడిలో పట్టినదానికి కుడి చెవికి ఒక గాటు. తన సొంత చెలకలో, గట్టు కింద దొరికిన జంట సంతుకు రెండు గాట్లు.

పని సులువే. పంజరాల కింద పరిచిన ఊక మార్చాలి, సీసాల్లో నీళ్ళు నింపాలి, హైదరాబాదు నుంచి బస్తాల్లో వచ్చే గుళికల మేత వెయ్యాలి. ఆ మేత ఎప్పుడూ అయిపోకూడదు. అదొక్కటే కురుమయ్యకు నచ్చలేదు. "వెదకకుండ తినేది ఏ జీవం బాగుపడ్తది?" అనేవాడు నాతో.

మూడో ఏడు, రెండు గాట్ల పంజరంలో ఒక పిల్ల గుండ్రంగా తయారైంది. మిగతా పిల్లలు బొటనవేలంత ఉంటే ఇది నిమ్మకాయంత అయింది.

"కడుపుతో ఉన్నది సార్. జర వేరే పంజరంల పెడ్త," అన్నాడు కురుమయ్య.

వేరే పెట్టారు. మూడు వారాలు గడిచినా ఈనలేదు. నాలుగో వారం ప్రభుదాసు దాన్ని తోక పట్టుకొని తిప్పి చూశాడు. అది మగది.

ఆ తర్వాత అన్నీ ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. ఆ ఎలుక నీళ్ళసీసా పూటకొకటి ఖాళీ చేస్తోంది. ఊక ఎన్నిసార్లు మార్చినా తడిగానే ఉంటోంది. ఆ పంజరం కిందికి మాత్రమే చీమలు వరుస కట్టి వస్తున్నాయి. ప్రభుదాసు గాజుపలక మీద పడ్డ మూత్రం చుక్కలను పీల్చి, పరీక్షనాళికలో, చక్కెర ఉంటే రంగు మారే నీలం ద్రావణంలో వేసి, స్పిరిట్ దీపం మీద మరిగించాడు. నీలం ఆకుపచ్చయింది, పసుపయింది, చూస్తుండగానే ఇటుక రంగుకు తిరిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. గోదాములోంచి నా గదికి పరుగెత్తుకొచ్చి, "దొరికింది సార్, మన మట్టిలనే దొరికింది!" అని నా చెయ్యి పట్టుకొని ఊపేశాడు.

కురుమయ్య మాత్రం నాళిక అడుగున పేరుకున్న ఇటుక పొడినే చూస్తూ నిలబడ్డాడు.

"దీని తల్లికి, తండ్రికి ఏం లేదు గద సార్. బక్కగనే ఉన్నయి."

"అదే సంగతి కురుమయ్యా. వాటిలో లోపం ఒక పాలే ఉంటది, ఇంకో పాలు మంచిది. అందుకే పైకి కానరాదు. గట్లాంటి రెండు కలిసినయంటే, నాలుగు పిల్లలల్ల ఒకదానికి రెండు పాళ్ళూ లోపమే వస్తది. గదే గిట్ల బలుస్తది."

అప్పటి నుంచి రెండు గాట్ల సంతులో అన్నాచెల్లెళ్ళను కలపడం మొదలైంది. ఆ లోపాన్ని సంతులో నిలబెట్టుకోవాలంటే అదే దారి అన్నాడు ప్రభుదాసు. కురుమయ్య లెక్కల పుస్తకం పెట్టలేదు. ఏ పంజరంలోది ఎవరి పిల్లో నోటనే చెప్పేవాడు. నాలుగింట ఒకటి. ఎనిమిది పిల్లల ఈతలో రెండు. బలిసినవాటి చెవి గాట్లు మానకపోవడం ఆయనే ముందు కనిపెట్టాడు. మిగతా ఎలుకలకు నాలుగు రోజుల్లో మానే గాటు వీటికి వారాలు గడిచినా ఉబ్బి, చెమ్మగా ఉండేది. ఒకదాని చెవి నల్లబడి ఊడిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు. గోదాము గడపలో కూర్చొని, "మా అన్న కాలు గిట్లనే సార్. చేతబడి అన్నరు," అన్నాడు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన విన్నట్టు లేదు.

తొంభై వేసవిలో ప్రభుదాసు ఆకలి పరీక్ష పెట్టాడు. మూడు సంతులలోనూ బక్క ఎలుకలనే ఏరి, నీళ్ళు మాత్రం ఉంచి మేత తీసేయించాడు. ఏ సంతుది ఎన్ని రోజులు ఆగుతుందో చూడాలి. మేత గిన్నెలు తీసింది కురుమయ్యే.

"గిది కరువు సార్. కరువు తెచ్చిపెట్టిన్రు మీరు."

ప్రభుదాసు తారీఖు, టైము రాసుకున్నాడు. ఒక గాటు ఎలుకలు రెండు రకాలూ మూడో రోజుకు చాలావరకు చచ్చిపోయాయి. రెండు గాట్లవి, బలిసినవాటి తోబుట్టువులు, ఐదో రోజు కూడా పంజరం ఊచలు పట్టుకొని నిలబడ్డాయి. వాటి కళ్ళు కురుమయ్య వెంటే తిరిగేవట.

"ఏమైంది సార్ గిది? జబ్బు సంతు గద ముందు పోవాల్సింది?"

"కాదు. వాటి ఒళ్ళు పిడికెడు తిన్నా సగం దాచుకుంటది. కరువుల గదే కాపాడ్తది. రోజూ కడుపు నిండితే ఆ దాచుకునుడే చంపుతది. రెండూ ఒక్కటే గుణం."

ఆయన పాఠం చెప్పినట్టే చెప్పాడు. విన్న మనిషి ఇంట్లో డెబ్బై రెండులో ఒక్క చావూ జరగలేదని ఆయనకు తెలియదు. కురుమయ్య చెప్పలేదు. సాయంత్రం బస్సు ఎక్కకుండా ఊరి దాకా నడిచే పోయాడు. దారి పొడుగునా నెత్తురు గట్టిదన్న తల్లి మాటే చెవిలో మోగిందని నాతో అన్నాడు.

అప్పటికి ఆయన బిడ్డ రేణుకమ్మకు పెళ్ళీడు వస్తోంది. ఎవరికివ్వాలనే ప్రశ్నే ఆ ఇంట్లో లేదు. ఆ పిల్ల పుట్టినరోజే సత్యమ్మ తన కొడుకు దశరథానికి అడిగింది. మేనరికం. పిల్లలిద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం. సత్యమ్మకు తమ్ముడంటే ప్రాణం. ఆ ఏడు ఆమె కాస్త ఒళ్ళు చేసింది, "దాహం ఎక్కువైందిరా తమ్మీ" అంటోంది.

మరుసటి ఏడు ఒక ఆదివారం ప్రభుదాసు హైదరాబాదు పోయినప్పుడు, అగ్గిపెట్టె కోసం గోదాములోకి వెళ్ళాను. కురుమయ్య బల్ల ముందు నిలబడి స్పిరిట్ దీపం వెలిగిస్తున్నాడు. ఎదుట నాలుగు పెన్సిలిన్ సీసాలు. నన్ను చూసి దాచబోయి, మానేశాడు.

"మా ఇంటోళ్ళవి సార్. మా అక్కను అడిగితే, నా ఉచ్చ నీకెందుకురా, పిచ్చిగిట్ల లేసిందా అని నవ్వింది. దవాఖానోళ్ళు అడిగిన్రని అబద్ధం చెప్పిన."

నేను బల్ల పక్కన నిలబడ్డాను. మొదట తల్లిది మరిగించాడు. నీలం నీలంగానే ఉంది. తనది లేత పాచి రంగుకు తిరిగింది. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, తలాడించి పక్కన పెట్టాడు. మూడోది సత్యమ్మది. నాళిక దీపం మీద పెట్టీ పెట్టకముందే రంగులన్నీ దాటుకొని ఇటుక రంగుకు వచ్చేసింది. కురుమయ్య దాన్ని విడిగా నిలబెట్టాడు. నాలుగోది తీశాడు. అది రేణుకమ్మది.

నీలంగానే ఉంది. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. మారలేదు.

"మంచిదే గదా కురుమయ్యా. పిల్లకు ఏమీ లేదు," అన్నాను, ఊపిరి పీల్చుకొని.

"ఆ గుండ్రపు ఎలుక తల్లిది గూడ నీలమే సార్," అన్నాడు.

మర్నాడు ప్రభుదాసు రాగానే ఇటుక రంగు నాళిక చేతిలో పెట్టాడు. ఏ పంజరందని అడిగాడు ప్రభుదాసు. మా అక్కదని చెప్పాడు. ప్రభుదాసు కుర్చీలో కూర్చుండిపోయాడు. తర్వాత గబగబా చెప్పాడు: ఆమెను వెంటనే దవాఖానకు తీసుకుపో, నువ్వు కూడా చూపించుకో, మందులున్నాయి, తిండి మార్చుకుంటే చాలాకాలం బతకొచ్చు. ఎలుకల లెక్క మనుషులకు పెట్టకు. ఎలుకలో ఒక్క లోపం చేసే పనిని మనిషిలో ఎన్ని లోపాలు కలిసి చేస్తాయో ఎవరికీ తెలియదు.

కురుమయ్య అంతా విని ఒక్కటే అడిగాడు.

"నా బిడ్డను మా అక్క కొడుక్కు ఇయ్యొచ్చా సార్?"

పంజరాల్లో ఎలుకలు మేత కొరుకుతున్నాయి. ప్రభుదాసు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"నాకు తెల్వదు కురుమయ్యా."

ఇవ్వొచ్చు అని ఉంటే ఇచ్చేవాడు. ఇవ్వొద్దు అని ఉంటే కోపమొచ్చి అయినా ఇచ్చేవాడేమో. తెలియదన్న మాట ఆయన మీద బండలా పడింది.

సత్యమ్మ ఊరు నాలుగు మైళ్ళు. కురుమయ్య పొద్దున్నే పోయాడు. ఆమె వాకిట్లో చాట పట్టుకొని బియ్యం చెరుగుతోంది. దశరథం దూడకు గడ్డి వేస్తున్నాడు. జబ్బు సంగతి చెప్పినంతవరకు సత్యమ్మ బాగానే విన్నది. "సరే తీ, సంత నాడు దవాఖానకు పోదాం" అని కూడా అన్నది. అక్కడితో ఆపి ఉంటే బాగుండేదని కురుమయ్య చివరిదాకా అనుకున్నాడు. ఆపలేదు. పెళ్ళి మాట ఎత్తాడు. ఎలుకల సంగతి, నాలుగింట ఒకటి సంగతి, అన్నీ చెప్పాడు.

సత్యమ్మ చాట కింద పెట్టింది.

"నువ్వు పెంచే ఎలుకనైతినారా నేను? నా కొడుకు ఎలుకపిల్లనా?"

"అక్కా, గట్ల గాదు. జర ఇను..."

"కరువుల బొక్కలు తవ్వి నా చేతులు పగిలినయి. నా వంతు గంజి నీకు పోసిన. ఇయాల నా నెత్తురు నీకు జబ్బు నెత్తురైందా? నీది వేరేనా? ఒక్క కడుపున పుట్టలేదా మనం?"

"నాది గూడ గంతేనే అక్కా. అందుకే చెప్తున్న."

"లే. నా వాకిట్లకెల్లి లే."

దశరథం గడ్డి మోపు అక్కడే పడేసి, మామ ముఖం చూడకుండా బయటికి నడిచాడు. మళ్ళీ ఆ వాకిట్లోకి కురుమయ్య నాలుగేళ్ళకు గానీ పోలేదు.

ఇంట్లో రేణుకమ్మ ఏడవలేదు. పొయ్యి ముందు కూర్చొని అడిగింది.

"నాయినా, బావకు రోగముందా?"

"లేదు బిడ్డా."

"నాకున్నదా?"

"నీకు లేదు."

"మరెవరికున్నది?"

కురుమయ్య పొయ్యిలోకి పుల్ల ఎగదోశాడు. ఆ పిల్ల తర్వాత పెళ్ళి గురించి నోరెత్తలేదు, ఎవరిని చూపినా సరే అన్నది. సత్యమ్మ దవాఖానకు పోలేదు. తమ్ముడు చెప్పిన జబ్బు అబద్ధమని చూపించడానికో ఏమో, చక్కెర వేసిన చాయ్ రోజుకు నాలుగుసార్లు తాగేదట. ఎవరో చెట్టుమందు ఇస్తే అది మింగింది.

తొంభై రెండులో మానవపాడులో సంబంధం కుదిరింది. చుట్టరికం లేని ఇల్లు, నల్లరేగడి భూమి, మనుషులు మంచివాళ్ళు. వరుడి తండ్రి జ్వరంతో పోయాడని చెప్పారు. కురుమయ్య పొట్టేలును బేరమాడేవాడిలా రెండుసార్లు పోయి వచ్చాడు. మగవాళ్ళందరి కాళ్ళు చూశాడు. వరుడి పెదనాన్న ఒక్కడు మే నెల ఎండలో మేజోళ్ళు వేసుకొని కూర్చున్నాడు. పట్నం అలవాటు కాబోలు అనుకున్నాడు కురుమయ్య. పెళ్ళి చేసి పంపి, ఇంటికొచ్చి, "గండం దాటించిన" అని భార్య రాధమ్మతో అన్నాడు.

తరువాతి ఏడు ప్రభుదాసు థీసిస్ అయిపోయింది. దూరంగా వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చింది. ఎలుకలను ఎవరూ తీసుకోలేదు, మేత బస్తాలు ఆగిపోయాయి. పోయే ముందు, వాటిని మత్తుపెట్టి చంపడానికి కురుమయ్యకు ఈథర్ సీసా ఇచ్చి, ఒక్కటి కూడా బయటికి పోకూడదని చెప్పాడు. కురుమయ్య రెండు రోజులు ఆ పని చేశాడు. గోదాము వాసన నా గదిలోకి వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం ఆయన నన్ను పిలిచాడు. రెండు గాట్ల పంజరం ఒకదాని చెక్క మూల కొరికేసి ఉంది. మూడు బక్క ఎలుకలు లేవు.

ఇద్దరం గోడ పగుళ్ళన్నీ వెతికాం. దొరకలేదు. సారుకు జాబు రాయమంటావా అని అడిగాను.

"వద్దు. పొలంలోంచే తెచ్చిన. పొలానికే పోయినయి," అన్నాడు. కాసేపు ఆగి, "మనం పట్టి తేనివి ఆడ ఎన్నున్నయో," అన్నాడు.

తొంభై అయిదు మొదట్లో ప్రభుదాసు నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. లావెక్కే ఎలుకల్లో ఏ జన్యువు చెడిందో అమెరికాలో పట్టుకున్నారని, కడుపు నిండిందని మెదడుకు చెప్పే పదార్థం ఆ ఎలుకల్లో తయారు కాదని రాశాడు. మనుషుల్లో ఆ లోపం దొరకడం చాలా అరుదు అనుకుంటున్నారని, కురుమయ్యకు ఆ మాట తప్పక చెప్పమని కింద గీత గీసి మరీ రాశాడు. చదివి వినిపించాను. కురుమయ్య మర్యాదగా విన్నాడు. "మంచిదే సార్," అన్నాడు. రేణుకమ్మకు అప్పుడు ఏడో నెల.

కాన్పు గద్వాలలో ఒక ప్రైవేటు దవాఖానలో అయింది. ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. తూకం వేసిన నర్సు రెండోసారి వేసింది. నాలుగు కిలోల ఆరు వందల గ్రాములు. బంధువులంతా గుమిగూడారు. ఏనుగుపిల్ల అన్నారు, లక్ష్మి అన్నారు, పక్క మంచాలవాళ్ళు కూడా చూసిపోయారు. కురుమయ్య ఆ పిల్ల గుండ్రటి బుగ్గలను, మణికట్టు దగ్గర పడ్డ మడతలను చూశాడు. ఎత్తుకోమని చేతికిస్తే చేతులు చాచలేదు.

డాక్టరమ్మ బయటికి వచ్చి అందరినీ పంపించి, పెద్దవాళ్ళను మాత్రం ఉండమన్నది.

"తల్లికి షుగర్ ఉంది, అందుకే పిల్ల ఇంత బరువు. కడుపుతో ఉన్నప్పుడే పరీక్ష చేయించాల్సింది. మీ వంశంలో ఎవరికైనా ఉందా?"

"నాకున్నది అమ్మా," అన్నాడు కురుమయ్య. "మా అక్కకున్నది. మా అన్న దానితోనే పోయిండు. తప్పు నాదే. ఈళ్ళకు చెప్పకుండ పిల్లనిచ్చిన." వియ్యపురాలు జోగులమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు.

జోగులమ్మ తల దించుకున్నది. కొంగుతో ముఖం తుడుచుకున్నది.

"మీరొక్కరేనా అన్నా చెప్పనిది? మా ఇంటాయన జ్వరంతోని పోలే. కాలు తీసేసినంక పోయిండు. మా బావకు ఒక కాలికి అయిదు వేళ్ళూ లేవు, మేజోళ్ళల్ల గుడ్డలు కుక్కుకుంటడు. మా మరిదికి కండ్లు పోయినయి. పిల్లనియ్యరని నోరు మూసుకున్నం."

కురుమయ్య అక్కడే గోడకు ఆనుకొని కింద కూర్చున్నాడు. ఆ రోజు సంగతి నాకు చెప్పినప్పుడు ఆయన గొంతులో ఏడుపు లేదు. "సార్, నేను గుడ్డెద్దు లెక్క ఒక పంజరంలకెల్లి తీసి ఇంకో పంజరంల పెట్టిన," అన్నాడు. అక్కను పోగొట్టుకొని, ఇద్దరు పిల్లల మనసు విరిచి తను తప్పించాననుకున్నది అవతలి ఇంట్లో ముందే కూర్చొని ఉంది.

గద్వాల నుంచి బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా సత్యమ్మ దగ్గరికి పోయాడు. ఆమె మంచంలో ఉంది. చూపు చాలావరకు పోయింది. అడుగుల చప్పుడు విని, "ఎవరు?" అన్నది. చెప్పాడు. మంచంలో కాస్త జరిగి, "బిడ్డ ఎట్లున్నది?" అని అడిగింది. దవాఖానకు పోవడానికి ఇప్పుడు ఒప్పుకున్నది. మూత్రపిండాలు పాడయ్యాయని చెప్పారు. మరో ఏడాది బతికింది. ఆ ఏడాదీ వారానికి రెండుసార్లు ఆయన జొన్నరొట్టెలు కట్టుకొని పోయి అక్కకు చేత్తో తినిపించాడు. పెళ్ళి మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. తల కొరివి దశరథం పెట్టాడు. అతనికి వడ్డేపల్లి పిల్లతో పెళ్ళయింది. సన్నగా, ఆరోగ్యంగానే ఉన్నాడు. మామ ఎదురుపడితే పక్కకు తప్పుకుంటాడు.

రేణుకమ్మ సూదులు వేసుకుంటూ పిల్లను పెంచుకుంటోంది. తండ్రి మీద కోపం చూపదు. పండుగకు వచ్చినప్పుడు ఆయన తన పిల్లను దూరం నుంచే చూస్తాడని మాత్రం అంటుంది.

తొంభై ఎనిమిదిలో తెలకపల్లి బడిలో హైదరాబాదు డాక్టర్లు ఒకరోజు షుగర్ పరీక్షల శిబిరం పెట్టారు. ఊరూరా చాటింపు వేయడానికి మనిషి కావాలంటే కురుమయ్య ముందుకొచ్చాడు. అప్పటికి ఆయనకు ఎడమ కాలికి రెండు వేళ్ళు తీసేశారు. కర్ర పట్టుకొని పదకొండు ఊళ్ళు తిరిగి చెప్పాడు. నన్ను కూడా పేర్లు రాయడానికి పిలిచాడు. యాభై అరవై మంది వస్తే గొప్ప అనుకున్నారు డాక్టర్లు.

పొద్దున తొమ్మిదికే వరుస బడి గేటు దాటింది. ఎక్కువమంది నడివయసు వాళ్ళు. కొందరు భారీ మనుషులు, కొందరు ఎముకలు తేలినవాళ్ళు. వేలు గుచ్చి చుక్క తీసే అమ్మాయి ఒక్కో అంకె చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. పదింటికల్లా రెండు వందలు దాటని అంకె అరుదైపోయింది. ఒక డాక్టరు వచ్చి పుస్తకంలోకి తొంగి చూశాడు. "మీటర్ సరిగా పనిచేస్తోందా?" అని అడిగి, తన వేలే గుచ్చుకొని చూశాడు. సరిగానే ఉంది. కురుమయ్య గేటు దగ్గర నిలబడి ముసలివాళ్ళను నీడలోకి పంపిస్తున్నాడు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరిస్తున్నాడు. ఫలానా ఆయన తనతో గట్లు తవ్వినవాడని, ఫలానా ఆమె ఆ కరువులో ముగ్గురు పిల్లలను దక్కించుకున్నదని నాకు వినబడేలా చెబుతున్నాడు.

మధ్యాహ్నానికి పరీక్ష పట్టీలు అయిపోయాయి. తెచ్చినవన్నీ అయిపోయాయని, మళ్ళీ ఎప్పుడో వస్తామని డాక్టర్లు చెప్పారు. ఎవరూ కదలలేదు. కురుమయ్య గేటు బయటికి పోయి రోడ్డు మీద వరుస ఎంతదాకా ఉందో చూసి వచ్చాడు.

"ఎంతమంది ఉన్నరు?" అని అడిగాను.

"మూల తిరిగింది సార్. అవతల కానొస్తలేదు," అన్నాడు.